గిటారువాద్యమును స్త్రీలును

వాక్కునకును సంగీతమునకును అధిదేవతయైన సరస్వతి చేతియందు కచ్ఛపియను వీణ నుంచి పూజించుచున్న జాతి మనది. అందుచేత స్త్రీ తంత్రీవాద్యమును ధరించి వాయించుట మన కన్నులకు వింతగా తోపదు. అయినను ఏ వాద్యము ఎవరి చేతి కొప్పునను ప్రశ్న మన దేశమున లేకపోలేదు. మృదంగము, నాగస్వరము మొదలగువాని విషయమున లోకులు తలచునదేమో చదువరు లెరుగుదురు. ఇట్టి ప్రశ్నయే పాశ్చాత్యదేశములలో గిటారను వాద్యమును గూర్చి చాలకాలముగా నడచుచున్నది. ఆ వాద్యమును చేపట్టిన స్త్రీలలో కొందరి చరిత్రమును, దానివలన నాకు తోచిన యొక విషయమును సోదరీమణులకు నివేదింప నీ వ్యాసమును వ్రాయుచున్నాను.

ఈ విషయమున నాకు శ్రద్ధ కలుగుటకు కారణము మా యింటనే కలదు. మా యమ్మాయికి పదుమూడవయేడు. వారి పాఠశాలలో ఒక యుపాధ్యాయుడు సాయంకాలములందు గిటారు నేర్పుచున్నాడు. తానును నేర్చుకొందునని అది యడిగినది. మావారు బడిపంతులు, ఏ విద్యనైనను వలదనుట వారి స్వభావము కాదు. కాని బంధువులలో పెద్దవారొకరు మా యింటికి వచ్చినపుడు ఈ సంగతి విని, "అది మగపిల్లల వాద్యము గదమ్మా! ఆడపిల్ల చేతులు కాయలు కాచిపోవును. అంతకష్టపడి నేర్చినను రేపు పెండ్లియైన తరువాత దానితో పనియేమి?" అనిరి.

వారు దురుద్దేశముతో ననలేదు. అదియునుగాక, పెద్దవారికి వెంటనే ఎదురుచెప్పుట నాకలవాటు లేదు. చిన్నతనమున నేను మా తండ్రిగారివద్ద కావ్యములు చదువునపుడు, పూర్వపక్షమును చక్కగా తెలిసికొననిదే సిద్ధాంతము చెప్పరాదని వారు బోధించుచుండిరి. పై మాటలలో మూడాక్షేపణలు కలవు. గిటారు పురుషుల వాద్యమనుట మొదటిది; స్త్రీల శరీరమునకు తగదనుట రెండవది; గృహిణికి నిరుపయోగమనుట మూడవది. ఈ మూటిలో నెంత సత్యమున్నదో తెలిసికొనవలెనని, ఒక సంవత్సరమునుండి తీరిక దొరకినపుడెల్ల గిటారును గూర్చి చదువుచు, స్త్రీలు వాయించినవానిని అమ్మాయితో కలసి ఫోనులో వినుచు నుంటిని.

ముందుగా వాద్యమును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. శాస్త్రీయసంగీతమునకు వాడు గిటారునకు ఆరు తీగలుండును. నడుము సన్నగిల్లిన బోలుపెట్టె, దానికొక దండి, దండిపై లోహపు మెట్లు. వాయించువారు కుర్చీపై కూర్చుండి, ఎడమపాదమును చిన్న పీటపై నుంచి, ఎడమతొడపై వాద్యము నానించుకొందురు. ఎడమచేతి వ్రేళ్లు మెట్లయొద్ద తీగలను నొక్కును. కుడిచేతి బొటనవ్రేలును, చిటికెనవ్రేలు దక్క తక్కిన మూడు వ్రేళ్లును తీగలను మీటును. మన వీణపై తీగను ప్రక్కకు లాగి గమకములను పలికింతుము. గిటారునకు గమక మంత ప్రధానము కాదు. రెండు మూడు స్వరములను ఒక్కసారి కలిపి పలికించుట దాని సొంపు. ఈనాటి శాస్త్రీయ గిటారుయొక్క యాకృతి పందొమ్మిదవ శతాబ్దమున స్పెయినుదేశమున ఆంతోనియో దె తోర్రెస్ అను పనివాని చేతిలో కుదిరినది. అందు సన్నని తీగలను పూర్వము జంతువుల ప్రేవులతో చేయుచుండిరి. రెండవ ప్రపంచయుద్ధానంతరము నైలాను తీగలు వాడుకలోనికి వచ్చినవి. పెట్టె ప్రక్కలకును వెనుకకును తరచుగా వాడు కర్రలలో మన దేశపు రోజువుడ్డు, అనగా ఇరుగుడు, ఒకటి.

ఈ వాద్యపు నాదము మృదువైనది. వేలమంది కూడిన సభకంటె పదిమంది కూర్చున్న గదికే తగినది. అందుచేతనే పందొమ్మిదవ శతాబ్దపు తొలిభాగమున వియన్నా, పారిస్, లండన్ నగరములలో గిటారుపై మోజు వ్యాపించినపుడు, దానిని ఇండ్లలో నేర్చినవారిలో స్త్రీలు పెక్కురుండిరి. కులీనుల కన్యలకు కుట్టుపనితోను చిత్రలేఖనముతోను గిటారును నేర్పించుచుండిరి. మగపిల్లల వాద్యమను ప్రతీతి విద్యుత్తుతో మ్రోగు గిటారును, యువకుల పాటబృందములును ప్రసిద్ధికెక్కిన తరువాత బలపడినది. కాని ఆ కాలమున నింకొక కట్టుబాటుండెను. స్త్రీ ఇంట వాయించిన నది అలంకారము. సభలో వాయించి ధనమార్జించిన నది వింత. అడ్డుగీత స్త్రీకిని వాద్యమునకును నడుమగాక, గదికిని సభకును నడుమ నుండెను.

ఆ గీతను దాటినవారిలో ఎమీలియా జూలియాని యొకతె. ఆమె 1813లో వియన్నాలో జన్మించెను. తండ్రి మౌరో జూలియాని ఇటలీదేశమునుండి వచ్చి వియన్నాలో గిటారుతో గొప్ప కీర్తి నందినవాడు. ఎమీలియా బాల్యముననే తండ్రివద్ద నేర్చి, ఆయనతో కలసి సభలో వాయించెను. అంతటితో తృప్తిపడక స్వయముగా రచనలు చేసెను. ఆమె వ్రాసిన ఆరు ప్రెలూడ్‌లును, బెల్లీనియను సంగీతనాటకకర్త వరుసలపై కూర్చిన రచనలును నేటికిని అచ్చులో లభించుచు వాయింపబడుచున్నవి. ఆమె 1850లో మరణించెను.

రెండవయామె కాథరీనా యోసెఫా పెల్ట్సర్. జర్మనీలో పుట్టి, గిటారు బోధకుడైన తండ్రితో బాల్యముననే లండనునకు వచ్చెను. జూలియో రెగోండియను మరియొక బాలునితో కలసి వాయించునపుడు, చిన్నవారిద్దరును సభ్యులకు కనబడుటకై వారిని బల్లపై నిలువబెట్టిరని చెప్పుదురు. ఆమె పెద్దదై రాబర్ట్ సిడ్నీ ప్రాటెన్ అను వేణువాదకుని వివాహమాడి, అప్పటినుండి మాడమ్ సిడ్నీ ప్రాటెన్ అను పేర ప్రసిద్ధురాలాయెను. విక్టోరియారాణి కుమార్తె లూయీ రాకుమారి ఆమె శిష్యురాలు. భర్త 1868లో మరణించెను. పిదప 1895లో తన మరణపర్యంతము ఆమెకు గిటారే బ్రదుకుతెరువు. విద్య సులభముగా పట్టుబడనివారికొరకు గిటారును వేరుశ్రుతిలో నమర్చి వాయించు తేలికపద్ధతి నొకదానిని పుస్తకముగా వ్రాసెను. పెండ్లియైన తరువాత ఈ విద్యతో పనియేమి యన్న ప్రశ్నకు ఈ యొక్క జీవితమే చాలినంత సమాధానము. పెండ్లిలో భర్త తోడ్పడెను. భర్త పోయిన పిదప విద్య తోడ్పడెను.

ఇరువదవ శతాబ్దమునకు వచ్చినయెడల, గిటారు నెరిగినవా రెల్లరును గౌరవముతో చెప్పుకొను స్త్రీల పేర్లు రెండు. మొదటిది మరియా లూయిసా అనీదో. దక్షిణామెరికాలోని అర్జెంటీనాదేశమున 1907లో జన్మించెను. తండ్రికి గిటారనిన ప్రాణము. డొమింగో ప్రాట్, తరువాత స్పెయినునుండి వచ్చిన మిగెల్ ల్యోబెట్ అను మహావాదకుడు ఆమెకు గురువులు. ల్యోబెట్‌కు గురువైన ఫ్రాన్సిస్కో తార్రెగా వాయించిన గిటారును, తోర్రెస్ 1864లో చేసినదానిని, తండ్రి సంపాదించి కుమార్తె చేతికిచ్చెను. గురుశిష్యులు జంటగా వాయించిన కొన్ని గ్రామఫోను రికార్డులు నేటికిని వినవచ్చును. అనీదో తన దేశపు జానపదుల వరుసలను గిటారునకు కూర్చెను. వానిలో ఐరె నొర్తెన్యో, అనగా ఉత్తరదేశపు రాగము అనదగినది, మిక్కిలి ప్రసిద్ధము. బ్యూనోస్ ఐరిస్ సంగీతకళాశాలలో చాలకాలము బోధించి, రష్యా మొదలగు దూరదేశములందు సభలు చేసి, 1996లో స్పెయినునందు కన్నుమూసెను.

రెండవది ఇదా ప్రెస్తి. పారిస్ నగరమునకు చేరువనున్న సురేన్ అను నూర 1924లో జన్మించెను. తల్లి సిసిలీద్వీపపు కుటుంబమునకు చెందినది. తండ్రి పియానో బోధకుడు. ఆరేండ్ల ప్రాయమున తండ్రి ఆమె చేతికి గిటారునిచ్చెను. పదియేండ్ల బాలికగా, 1935లో, ఆమె పారిస్‌లోని సాల్ ప్లేయెల్ అను గొప్ప సభామందిరమున కచేరి చేసెను. స్పెయిను విద్వాంసుడు హొవాకీన్ రొద్రీగో రచించిన కొన్సియెర్తో దె ఆరన్హువెస్ నేడు గిటారురచనలలో తలమానికము. దానిని 1948లో ఫ్రాన్సుదేశమున మొదట వినిపించినది ప్రెస్తియే. వాద్యబృందమంతయు నొకవైపు, మృదువైన యొక్క గిటారు మరియొకవైపు నుండునట్టి రచన యది. దానిని నిలబెట్టుటకు చేతిబలముకంటె చెవియు ధైర్యమును ముఖ్యములు.

తరువాత ఆమె అలెగ్జాండర్ లగోయాయను వాదకుని వివాహమాడి, ఆయనతో జంటగా వాయింపసాగెను. ఆ జంటవాద్యమును విన్నవారికి ఒకరు ముఖ్యులు, ఒకరు అనుయాయులు అన్న భేదము తోపదు. ఒకరు పలికించిన స్వరపంక్తిని మరియొకరందుకొందురు. ఒకే ప్రాణి రెండు గిటార్లు పట్టినట్లుండును. వారికొరకు కాస్తెల్నూవో-తెదెస్కో 1962లో ఇరువదినాలుగు ప్రెలూడ్‌లును ఫ్యూగ్‌లును రచించెను. రొద్రీగో రెండు గిటార్లకు కొన్సియెర్తో మద్రిగాల్ అను రచనను 1966లో ముగించెను. కాని 1967 ఏప్రిలు నెలలో, అమెరికాలో సంగీతయాత్ర చేయుచుండగా ప్రెస్తి ఆకస్మికముగా మరణించెను. అప్పటికామెకు నలువదిరెండేండ్లే. రొద్రీగో రచనను 1970లో ఇతరులు మొదట వినిపింపవలసివచ్చెను.

ఒక సంగతి దాచరాదు. వివాహానంతరము ప్రెస్తి ఒంటరిగా వాయించుట చాల తగ్గినది. మనకు దొరకు ఆమె ధ్వనిముద్రణలలో ఎక్కువభాగము జంటవాద్యమే. అది ఆమె కోరి యెంచుకొన్న మార్గము. అందొక యపూర్వకళ పుట్టెను. అయినను ఆమె యొంటరిగా వాయించిన తొలిరికార్డులను వినునపుడు, ఇంకను కొన్ని యుండిన బాగుండును గదా యని నా మనస్సునకు తోచును. దాంపత్యము విద్యను పెంచవచ్చును, దాని త్రోవను మార్చవచ్చును. ఈ రెండును ఆమె జీవితమున జరిగినవని నా యభిప్రాయము.

ఇక వ్రేళ్లు కాయలు కాచునను రెండవ యాక్షేపణ. ఎడమచేతి వ్రేళ్ల కొనలు గట్టిపడుట నిజమే. వీణ వాయించిన నా వ్రేళ్లును అట్లే గట్టిపడియుండెను. అది పురుషులకును గట్టిపడును. పూలు గ్రుచ్చి, పిండి రుబ్బి, సూది పట్టి జీవించిన స్త్రీల చేతులకు కాయలు కొత్త కావు. అంతకంటె చిక్కైనది గోళ్ల సంగతి. శాస్త్రీయ గిటారును కుడిచేతి గోళ్లతో మీటవలెను. వానిని కొలతగా పెంచి, అంచులను నున్నగా నరగదీయుచుండవలెను. ఎడమచేతి గోళ్లను మాత్రము పొట్టిగా కత్తిరింపవలెను. ప్రెస్తి గోరుయొక్క కుడి అంచుతో మీటి, ఆ నిండైన నాదమును పుట్టించెనని తెలిసినవారు చెప్పుదురు. గోరు విరిగినయెడల నాదము మారిపోవును. అనగా ఈ విద్యకు అడ్డు స్త్రీశరీరము కాదు, అంట్లగిన్నెలును బట్టలసబ్బును. ఇది తెలిసిన తరువాత మా యింట రాత్రి గిన్నెలు తోము పని అమ్మాయి చేతినుండి దాని యన్న చేతికి మారినది. మొదటి వారము వాడు సణిగెను. రెండవ వారమునుండి గిన్నెలు మునుపటికంటె తెల్లగానే యుండెను.

బలము చాలదనువారికి స్పెయినుదేశపు దక్షిణభాగమున పుట్టిన ఫ్లమెంకోసంగీతము మంచి యుదాహరణము. పాట, నృత్యము, గిటారు ఈ మూడును కలిసినదే ఫ్లమెంకో. 2010లో యునెస్కోవారు దీనిని మానవజాతి వారసత్వసంపదలలో చేర్చిరి. ఇందలి గిటారును సామాన్యముగా సైప్రస్ కర్రతో తేలికగా చేయుదురు. నాదము పొడిగా, చురుకుగా నుండును. వ్రేళ్లను విసనకఱ్ఱ విప్పినట్లు ఒకదానివెంట నొకటి విసరి తీగలన్నిటిని మ్రోగించుట దీని ప్రత్యేకత. సొలెయాయను రకమున పండ్రెండు మాత్రల ఆవృత్తము. మూడు, ఆరు, ఎనిమిది, పది, పండ్రెండవ మాత్రలపై ఊనిక. తాళము వేయ నేర్చిన మన బాలికలు చేతితో లెక్కించుకొనదగిన యమరిక యిది.

ఫ్లమెంకోలో గాయనులును నర్తకులును స్త్రీలై వెలుగుట మొదటినుండియు కలదు. గిటారు మాత్రము పురుషుల సొత్తుగా నెంచబడెను. పూర్వము స్త్రీలు వాయింపకపోలేదు. సొలెయా పాడుటలో సాటిలేనిదని పేరొందిన మెర్సెద్ లా సెర్నెతా (1840–1912) గిటారును ఎరిగినది. మాలగా నగరమునకు చెందిన లా క్వెంకాయను నర్తకి పురుషవేషమున ఎద్దులపోరును అభినయించుచు నర్తించుటయేగాక గిటారును వాయించెను; ఆమె 1890లో క్యూబాదేశపు హవానాలో మరణించెను. ఇరువదవ శతాబ్దపు తొలిభాగమున అదెలా కూబాస్ మాద్రిదు రంగస్థలములపై గాయకులకు ప్రక్కవాద్యము వాయించెను. ఐనను వీరి తరువాత స్త్రీల వరుస సాగలేదు. కారణము లూహించుట కష్టము కాదు. రాత్రులందు పానశాలలలో జరుగు ఆటపాటలకు వాద్యకాడు తెల్లవారువరకు కూర్చుండవలెను. ఈ విద్య తండ్రినుండి కుమారునకు, మేనమామనుండి మేనల్లునకు దిగుచుండెను. ఇందు బలము ప్రసక్తియే లేదు. వ్రేళ్లను విసరుటకు కావలసినది బిగువు కాదు, సడలింపు. నిజముగా బలము కావలసినది మడమలతో నేలను మ్రోగించు నర్తకికి. ఆ పనిని స్త్రీలకు విడిచినవారు గిటారునకు స్త్రీబలము చాలదనుట నవ్వు పుట్టించును. మన కాలమున అంతోనియా హిమేనెజ్ మొదలగు కొందరు స్త్రీలు గిటారుతో ఫ్లమెంకో వేదికలపై కూర్చుండుచున్నారు. వారి సంఖ్య పురుషులతో పోల్చిన నింకను స్వల్పమే.

ఇదే గిటారు స్పెయినువారి యోడలలో సముద్రము దాటి దక్షిణామెరికా చేరెను. అచ్చట చిలీదేశపు పల్లెలలో జరిగినది చూడుడు. ఆ పల్లెలలో పెండ్లికిగాని, కోతలపండుగకుగాని, పసిబిడ్డ మరణించిన యింటికిగాని పిలువబడునది కంతోరాయను గాయని. ఆమె చేతిలో గిటారుండును. తీగలను పలువిధముల శ్రుతి చేయు మర్మములు తల్లినుండి కుమార్తెకు, అవ్వనుండి మనుమరాలికి వచ్చుచుండెను. అచ్చట పల్లెపాటకు గిటారు పట్టుట స్త్రీధర్మమే. మాటలాడు భాష యొకటే, వాద్యము నొకటే. ఒక దేశమున నది స్త్రీకి తగదనిరి, మరియొక దేశమున నది స్త్రీకే తగునని కట్టుబెట్టిరి. నా సంవత్సరపు చదువులో నన్ను నిలువరించిన విషయ మిదియే. వాద్యమునకు లింగభేదము లేదు. ఊరి యలవాటునకు కలదు.

ఆ కంతోరాల విద్యను కాపాడినయామె వియొలెతా పార్రా. 1917లో చిలీ దక్షిణభాగమున జన్మించెను. మా యింటివలెనే అదియు బడిపంతులిల్లు. తండ్రి సంగీతము చెప్పు పంతులు. తల్లి కుట్టుపనితో సంసారము నీదినది, పల్లెపాటల నెరిగినది. పిల్లలు సంగీతమున పడి చెడిపోవుదురని పెద్దలు గిటారును తాళమువేసి దాచిరనియు, చిన్నారి వియొలెతా తాళపుచెవిని కనిపెట్టి తీసి, తానుగా వాయించుట నేర్చెననియు చెప్పుదురు. వియొలెతా పెద్దదైన పిదప, 1950ల నుండి పల్లెపల్లెకు నడచి, వృద్ధులైన గాయనీగాయకులవద్ద కూర్చుండి పాటలను సేకరించెను. ఆంతికువెకాలను పేర మాటలులేని గిటారు రచనలును చేసెను. కువెకాయనునది చిలీవారి నృత్యము. దాని లయను విరిచి, తిరుగదిప్పి, పల్లెవాసనతోనే కొత్తదానిని చేసినది. 1967 ఫిబ్రవరిలో ఆమె మరణించెను. ఆమె కుమార్తె ఇసబెల్, కుమారుడు ఆంహెల్ ఇద్దరును గాయకులైరి.

గతించినవారిని మాత్రమే చెప్పి విడుచుట న్యాయము కాదు. అమెరికాదేశపు షారన్ ఇస్బిన్ 1989లో న్యూయార్కులోని జూలియార్డ్ సంగీతకళాశాలయందు గిటారు శాఖను స్థాపించెను. మన సరోదు విద్వాంసుడు అంజద్ అలీ ఖాన్ రచించిన రాగములను ఆయనతోను, ఆయన కుమారులతోను కలసి వాయించి, 2020లో ధ్వనిముద్రణముగా వెలువరించెను. అందు గిటారు మన రాగములతో తడబడక నడచినది, విన దగినది. పరాగ్వేదేశపు బెర్తా రోహాస్ 2022లో లెగాదో, అనగా వారసత్వము, అను ముద్రణమును వెలువరించి, దానిని అనీదో, ప్రెస్తి అను ఇద్దరు పూర్వురాండ్రకు అంకితముగావించెను. ఆ సంవత్సరముననే అది లాటిన్ గ్రామీ పురస్కారము నందెను. ఒక స్త్రీ వాద్యము పట్టి, తనకు ముందు పట్టిన స్త్రీలకు కృతజ్ఞత చెప్పుట విని నేను చాల సంతోషించితిని. మన కవులు కావ్యారంభమున పూర్వకవిస్తుతి చేయుటకు నిది సరియైనదిగా నాకు తోచెను.

ఈ జీవితముల నన్నిటిని కలిపి చూచినపుడు మరియొక విషయము కనబడినది. ఎమీలియా తండ్రి వాదకుడు. ప్రాటెన్ తండ్రి బోధకుడు. అనీదో తండ్రి గిటారు ప్రియుడు. ప్రెస్తి తండ్రి పియానో గురువు. తండ్రి తలుపు తెరచిన యిండ్లనుండియే వీరు వచ్చిరి. తండ్రికి ఆ యభిరుచి లేని యిండ్లలో వీరివంటివా రెందరు పుట్టి, ఎవరికిని తెలియక గతించిరో! చిలీ పల్లెలలోని గాయనులు మాత్రము తల్లినుండి నేర్చిరి. కావున తండ్రికి తెలియని విద్యకు తల్లియైనను తలుపు తీయవచ్చునని రుజువగుచున్నది. తల్లికి గిటారు వాయించుట రానక్కరలేదు. వాద్యము, గురువు, ఎవరును చెదరగొట్టని యొక గంటకాలము ఈ మూడును సమకూర్చిన చాలును. మొదటి రెండును ధనముతో లభించును. మూడవది గృహిణి మనస్సుపెట్టిననే గాని లభింపదు. ఆడపిల్ల సాధనకు కూర్చున్నపుడే పోపుగింజలును, తమ్ముని చొక్కాయును, వచ్చిన చుట్టమునకు మంచినీళ్లును గుర్తుకు వచ్చుట మన యిండ్ల వాడుక. మగపిల్లవాడు పుస్తకము పట్టిన మనము మెల్లగా నడతుము. ఆడపిల్ల వాద్యము పట్టిన కేకవేసి పిలుతుము.

అందుచేత మా పెద్దవారు మరల వచ్చినపుడు నేను వాదింపలేదు. ఇదా ప్రెస్తి బాల్యమున వాయించిన రికార్డు నొకదానిని వినిపించి, ఇది చిన్నపిల్ల వాయించినదని మాత్రము చెప్పితిని. వారు చివరివరకు విని, "చేయి చాల తేటగా నున్నదమ్మా!" అనిరి. పెండ్లి మాట యెత్తలేదు. వారి యభిప్రాయము మారినదని నేననను. కాని ఆ సాయంకాలము మా యమ్మాయి సాధన చేయుచుండగా వారు మంచినీళ్లకు దానిని పిలువక, తామే లేచి వంటయింటిలోనికి వెళ్లి త్రాగిరి. మావారును నేనును కలసి యోచించి, పదవ తరగతి పరీక్షల సంవత్సరమునగూడ ఉదయపు గంట సాధనను మాన్పింపరాదని నిశ్చయించితిమి. అమ్మాయి విదుషీమణి యగునో, సామాన్యురాలగునో మే మెరుగము. ప్రతి యింటను ప్రెస్తి పుట్టదు. అయినను దానికి తగినది ఏదో నిర్ణయించునది దాని సాధనయే కావలెనుగాని, పొరుగువారి యలవాటు కారాదు.

సోదరీమణులారా! మీ యిండ్లలో గిటారే కానక్కరలేదు. వీణ కావచ్చును, వేణువు కావచ్చును, మృదంగమే కావచ్చును. మీ బాలిక యేదేని యొక వాద్యముపై చేయి వేసినపుడు, అది ఆడవారిదా, మగవారిదా యని యడుగుటకు ముందు ఒక సంవత్సరము విని చూడుడు. తీరిక చేసికొని అనీదో ఐరె నొర్తెన్యోను, వియొలెతా పార్రా ఆంతికువెకాలను, ప్రెస్తి లగోయాల జంటవాద్యమును వినుడు. మీ కూతురును ప్రక్కన కూర్చుండబెట్టుకొని వినుడు. ఆ తరువాత దానికి దినమున కొక గంట యిచ్చుటకు మీ కెవరి యనుమతియు కావలసి యుండదు.